కొలంబస్‌లో ఇల్లు: అడిగిన ధరకు ఎందుకు దొరకదు?

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో మామూలు ఇల్లు పది లక్షల డాలర్లు దాటి చాలా ఏళ్లయింది. ఒహాయో రాజధాని కొలంబస్ చుట్టుపక్కల మధ్యరకం ఇంటి ధర మూడు లక్షల పైచిలుకే. ఈ లెక్కన ఇక్కడ ఇల్లు కొనడం సులువుగా ఉండాలి. కాలిఫోర్నియా నుంచో న్యూజెర్సీ నుంచో "అక్కడ చవకట" అని విని వచ్చినవాళ్లకు మాత్రం వేరే అనుభవం ఎదురవుతుంది. గురువారం లిస్టింగ్, అంటే ఇల్లు అమ్మకానికి ఉందన్న ప్రకటన, పడుతుంది. శని, ఆదివారాల్లో జనం ఒకరి వెనక ఒకరు వచ్చి చూసిపోతారు. ఇంతకు కొంటామని రాసిచ్చే ఆఫర్లకు ఆదివారం రాత్రి గడువు. సోమవారం పొద్దున ఏజెంట్ దగ్గర్నుంచి మెసేజ్: ఇంకెవరిదో ఒప్పుకున్నారు.

ఖరీదైన మార్కెట్ వేరు, పోటీ ఉన్న మార్కెట్ వేరు. మొదటిదాంట్లో ధరే చాలామందిని గేటు బయట ఆపేస్తుంది. రెండోదాంట్లో ధర అందరికీ అందుబాటులో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఒక్కో ఇంటి ముందు పదిమంది చేరతారు. కొలంబస్ రెండో రకం. అక్కడి చవకే అక్కడి పోటీకి ఒక కారణం. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పోటీ ఎక్కువ డబ్బు ఇవ్వడంతో ఆగదు. ఏదైనా తేడా వస్తే నష్టం ఎవరు మోయాలన్నదే చాలాసార్లు అసలు బేరం. లిస్టింగ్‌లో కనిపించే అంకెలో ఆ ముక్క ఎక్కడా ఉండదు.

క్లీవ్‌ల్యాండ్ తరిగింది, కొలంబస్ పెరిగింది

1950లో క్లీవ్‌ల్యాండ్ నగర జనాభా 9.14 లక్షలు, కొలంబస్‌ది 3.75 లక్షలు. 2020 జనగణనకు వచ్చేసరికి క్లీవ్‌ల్యాండ్ 3.72 లక్షలకు పడిపోయింది, కొలంబస్ 9.05 లక్షలకు చేరింది. ఒకే రాష్ట్రంలో రెండు ఊళ్లు డెబ్బై ఏళ్లలో దాదాపు స్థానాలు మార్చుకున్నాయి.

దీనికి రెండు కారణాలు. ఒకటి, కొలంబస్ ఉక్కు, రబ్బరు కర్మాగారాల మీద బతికిన ఊరు కాదు. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలు, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, నేషన్‌వైడ్ లాంటి బీమా సంస్థ, జేపీమోర్గన్ చేజ్ వేల ఉద్యోగులతో నడిపే క్యాంపస్, కాస్త దూరంలో మేరీస్‌విల్ దగ్గర హోండా. ఫ్యాక్టరీలు మూతపడిన దశాబ్దాల్లో ఈ ఊరు నిలబడింది వీటివల్లే.

రెండోది నీళ్ల రాజకీయం. 1950ల్లో మేయర్ జాక్ సెన్సెన్‌బ్రెనర్ హయాంలో నగరం ఒక షరతు పెట్టింది: మా నీళ్లు, మా మురుగు లైన్లు కావాలంటే మా నగరంలో కలవండి. ఖాళీ పొలాలు అలా నగరంలోకి వచ్చి చేరాయి. 1950లో నలభై చదరపు మైళ్లు కూడా లేని కొలంబస్ ఇప్పుడు 220 చదరపు మైళ్లు దాటింది. కాబట్టి జనాభా అంకెల్లో కొంత భాగం సరిహద్దు కదలడం వల్ల వచ్చిందే. అయినా శివార్లన్నీ కలిపి చూసినా ఈ ప్రాంతం నిజంగానే పెరుగుతోంది. మిడ్-ఒహాయో ప్రాంతీయ ప్రణాళికా సంఘం 2050 నాటికి ఇక్కడి జనాభా 30 లక్షలకు చేరవచ్చని అంచనా వేస్తోంది.

ఇంటెల్ వల్లేనా?

ఎవరిని అడిగినా ముందు చెప్పే కారణం ఇంటెల్. 2022 జనవరిలో న్యూ ఆల్బనీ పక్కన, లికింగ్ కౌంటీలో 2,000 కోట్ల డాలర్లతో రెండు చిప్ ఫ్యాక్టరీలు కడతామని ఆ కంపెనీ ప్రకటించింది. 3,000 శాశ్వత ఉద్యోగాలు, 2025లో ఉత్పత్తి అన్నారు. 2025 ఫిబ్రవరికి మాట మారింది: మొదటి ఫ్యాక్టరీ నిర్మాణం 2030లో పూర్తవుతుంది, చిప్‌లు ఆ తర్వాతే.

ఉద్యోగాలు వెనక్కిపోయాయి, ఇళ్ల ధరలు మాత్రం వెనక్కి రాలేదు. ఇంటెల్ ప్రకటనకు ముందు నుంచే ఇక్కడ ఇళ్లు దొరకడం కష్టంగా ఉంది. ఆ ప్రకటన చుట్టుపక్కల పొలాల రేట్లను, అమ్మేవాళ్ల ఆశలను పెంచిన మాట నిజం. ప్రాంతమంతటా పోటీకి అదొక్కటే కారణమంటే లెక్క కుదరదు. న్యూ ఆల్బనీలో గూగుల్, మెటా, అమెజాన్ డేటా సెంటర్లూ ఉన్నాయి. అయితే డేటా సెంటర్ భూమిని, కరెంటును మింగినంతగా మనుషులకు పని ఇవ్వదు. దక్షిణాన రికెన్‌బ్యాకర్ విమానాశ్రయం దగ్గర ఆండురిల్ అనే రక్షణ సంస్థ 4,000 ఉద్యోగాలతో ఫ్యాక్టరీ పెడతామని 2025 జనవరిలో చెప్పింది. నా లెక్కలో ఇలాంటి పెద్ద ప్రకటనలకన్నా, ఏ వార్తల్లోకీ రాకుండా ఏడాది పొడవునా వచ్చిపడే మామూలు ఉద్యోగస్తుల బరువే ఎక్కువ.

ఎన్ని నెలల సరుకుంది?

మార్కెట్ వేడిని కొలవడానికి రియల్టర్లు వాడే అంకె "మంత్స్ ఆఫ్ సప్లై". కొత్తగా ఒక్క ఇల్లు కూడా అమ్మకానికి రాకపోతే, ఇప్పుడున్నవి ఎన్ని నెలల్లో అయిపోతాయన్నదే దాని అర్థం. నెలకు 2,500 ఇళ్లు అమ్ముడవుతున్న చోట 5,000 లిస్టింగులుంటే రెండు నెలల సరుకు. 15,000 ఉంటే ఆరు నెలలు. అయిదారు నెలలుంటే కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సమానంగా ఉన్నట్టని వాడుక.

సెంట్రల్ ఒహాయోలో 2021-22 వేడిలో ఇది నెలకన్నా తక్కువకు పడిపోయింది. తర్వాత కొంత పెరిగినా ఆరు నెలల దరిదాపులకు రాలేదు. పైగా ఇది సగటు. డౌన్‌టౌన్‌లో ఖరీదైన కాండోలు (సొంత ఫ్లాట్లు) నెలల తరబడి పడి ఉండొచ్చు, అదే వారంలో లూయిస్ సెంటర్‌లో నాలుగు బెడ్‌రూముల ఇల్లు మూడు రోజుల్లో వెళ్లిపోవచ్చు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెతికేది డబ్లిన్, పావెల్, లూయిస్ సెంటర్, హిల్లియార్డ్ శివార్లలో. అందులోనూ తూర్పు ముఖం కావాలంటారు. వాళ్లకు దొరికే సరుకు సగటుకన్నా ఇంకా తక్కువ.

మూడు శాతం లోన్ వదులుకోని ఇంటివాళ్లు

సరుకు ఎందుకు రాదు? అందులో సగం కథ వడ్డీలది. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల లోన్ సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరుకు 7.79కి ఎక్కింది.

ఒక కుటుంబం 2021లో 3,00,000 డాలర్ల లోన్ మూడు శాతానికి తీసుకుందనుకోండి. అసలు, వడ్డీ కలిపి నెలకు సుమారు 1,265 డాలర్లు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇంకో గది కావాలి. ఇల్లు మారి సరిగ్గా అంతే లోన్ ఏడు శాతానికి తీసుకుంటే నెలకు 1,996. ఒక్క డాలరు కూడా ఎక్కువ అప్పు చేయకుండానే నెలకు 731 డాలర్ల భారం. వాళ్లు బేస్‌మెంట్‌లో ఒక గది వేయించుకుని అక్కడే ఉండిపోతారు. దీన్నే "లాక్-ఇన్" అంటున్నారు.

దీని మీద ఒక అభ్యంతరం ఉంది, కొట్టిపారేయదగ్గది కాదు. అమ్మేవాళ్లు మళ్లీ ఎక్కడో కొనాలి కదా, వాళ్లు మార్కెట్‌లోకి రాకపోతే ఒక ఇల్లు తగ్గింది, ఒక కొనుగోలుదారూ తగ్గాడు, లెక్క సమానమే అని. కదలని ఊరికి ఈ వాదన సరిపోతుంది. కొలంబస్‌కు బయటినుంచి వచ్చేవాళ్ల దగ్గర ఇక్కడ అమ్మడానికి ఇల్లుండదు, కొనడానికి లోన్ అప్రూవల్ మాత్రం ఉంటుంది. పైగా పెద్దింటికి మారేవాళ్లు ఖాళీ చేసే చిన్న ఇల్లే తొలిసారి కొనేవాళ్లకు దారి. ఆ మెట్టు కదలకపోతే కింద ఉన్నవాళ్లంతా అక్కడే ఆగిపోతారు.

కవరులో పెట్టిన వేలంపాట

లిస్టింగ్ ధర అంటే అమ్మేవాళ్లు అడిగే ధర అనుకుంటాం. పోటీ ఉన్న చోట అది పాట మొదలయ్యే అంకె. కావాలనే పదిపదిహేను వేలు తక్కువ వేసి జనాన్ని పోగుచేసే ఏజెంట్లూ ఉన్నారు. మన ఊళ్లో చెరువు వేలంపాటలో పక్కవాడు ఎంత అన్నాడో చెవులకు వినిపిస్తుంది. ఇక్కడ వినిపించదు. అందుకే "ఎస్కలేషన్ క్లాజ్" పుట్టింది: వేరేవాళ్లు ఎంత ఇస్తే దానిమీద ఇంత ఇస్తాను, ఫలానా హద్దు వరకు.

లిస్టింగ్ 4,20,000 అనుకుందాం. మొదటివాళ్లు 4,30,000 అని ఒకే అంకె చెప్పారు. రెండోవాళ్లు 4,25,000తో మొదలుపెట్టి, పోటీకి మూడు వేలు పైన, 4,60,000 వరకు అన్నారు. మూడోవాళ్లు 4,20,000తో మొదలుపెట్టి, రెండు వేలు పైన, 4,45,000 వరకు అన్నారు. మూడోవాళ్లు తమ హద్దు 4,45,000 దగ్గర ఆగిపోతారు. రెండోవాళ్లకు 4,48,000కి ఇల్లు వస్తుంది.

ఇందులో చిక్కు ఏమిటంటే, రెండోవాళ్లు 4,60,000 వరకు రాగలరని అమ్మేవాళ్లకు తెలిసిపోయింది. "అందరూ మీ ఆఖరి మాట చెప్పండి" అని ఒక మెయిల్ పెడితే చాలు, ఆ పన్నెండు వేలూ బేరంలోకి వస్తాయి. అందుకే ఈ క్లాజ్ వద్దనే ఏజెంట్లు ఉన్నారు. ఇది లేకపోతే భయంతో నేరుగా 4,60,000 రాసేస్తారు, దీనివల్ల పన్నెండు వేలు మిగిలే అవకాశమైనా ఉంటుందని వాదించేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే, అమ్మేవాళ్లు ఎలాంటివాళ్లన్నదాన్ని బట్టి.

2024 ఆగస్టు 17 నుంచి ఇంకో మార్పు వచ్చింది. రియల్టర్ల జాతీయ సంఘం కోర్టు కేసులో రాజీపడ్డాక, ఏజెంటుతో ఇల్లు చూడటానికి వెళ్లే ముందే ఫీజు ఎంతో రాసుకున్న ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆ ఫీజు అమ్మేవాళ్లను భరించమని ఇప్పటికీ అడగొచ్చు. కానీ పదిమంది పోటీలో ఉన్నప్పుడు ఆ కోరిక కూడా మీ ఆఫర్‌ను బలహీనం చేసే ఒక గీతే.

అప్రైజల్ తక్కువొస్తే ఆ తేడా ఎవరిది?

మీరు ఎంతకైనా ఒప్పుకోండి, బ్యాంకు తన తరఫున విలువ కట్టిస్తుంది. అదే అప్రైజల్. ఒప్పుకున్న ధర, అప్రైజల్ విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దానిమీదే లోన్ లెక్క వేస్తుంది.

4,55,000కి ఒప్పందమైంది, అప్రైజల్ 4,35,000 వచ్చింది. ధరలో ఇరవై శాతం సొంతంగా (డౌన్ పేమెంట్) కట్టే కుటుంబం మొదట 91,000 సిద్ధం చేసుకుంది. ఇప్పుడు బ్యాంకు 4,35,000లో ఎనభై శాతం, అంటే 3,48,000 మాత్రమే ఇస్తుంది. కట్టాల్సింది 1,07,000 అయింది. అదనం 16,000. అయిదు శాతమే కట్టే కుటుంబం సంగతి చూడండి. వాళ్లు అనుకున్నది 22,750. బ్యాంకు ఇచ్చేది 4,13,250. కట్టాల్సింది 41,750. అదనం 19,000, అంటే మొత్తం కట్టాల్సింది చేతిలో పెట్టుకున్న సొమ్ముకు దాదాపు రెట్టింపైంది. మొదటి కుటుంబానికి ఇంకో వెసులుబాటు ఉంది: డౌన్ పేమెంట్ శాతం కాస్త తగ్గించి, బ్యాంకుకు రక్షణగా తీసుకునే మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ కట్టుకుని, అదే 91,000తో గట్టెక్కొచ్చు. రెండోవాళ్లకు తగ్గించుకునే చోటు దాదాపు లేదు.

అమ్మేవాళ్లు రెండో కుటుంబం ఆఫర్ చూసి తటపటాయించేది ఇందుకే. ఇద్దరూ రాసిన ధర ఒకటే, కానీ చివరిదాకా నిలబడతారన్న నమ్మకం ఒకటి కాదు. "అప్రైజల్ తక్కువొచ్చినా ఇరవై వేల వరకు తేడా మేం కడతాం" అని రాసినవాళ్లకు ఇల్లు దక్కుతుంది. దీనికి పేరు "అప్రైజల్ గ్యాప్" హామీ. హామీ ఇవ్వాలంటే డబ్బు ముందే ఖాతాలో కనిపించాలి. ఇండియాలో అమ్మానాన్నలు సాయం చేస్తామన్నా, రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఒక్కొక్కరు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. ఆ సొమ్ము బహుమతి అని లేఖ, వచ్చిన దారికి కాగితాలు లోన్ ఇచ్చేవాళ్లు అడుగుతారు. పొలం అమ్మిన డబ్బు ఆదివారం రాత్రి గడువుకు అందదు.

ఇన్‌స్పెక్షన్ వద్దంటే ఏం వదులుకున్నట్టు?

మామూలు ఒప్పందంలో కొనేవాళ్లు ఇన్‌స్పెక్టర్‌తో ఇల్లు పరీక్ష చేయించుకుని, లోపాలుంటే బాగు చేయమని అడగొచ్చు, లేదా తప్పుకోవచ్చు. పోటీలో గెలవడానికి కొందరు ఈ హక్కు వదిలేస్తారు. వదలడంలోనూ మెట్లున్నాయి. పరీక్షే వద్దనడం ఒకటి. పరీక్ష చేయిస్తాం గానీ రిపేర్లు అడగం, మరీ ఘోరంగా ఉంటే మాత్రం తప్పుకుంటాం అనడం ఇంకొకటి. ఈ రెండోది నడిమధ్య మార్గంగా బాగా వాడుకలోకి వచ్చింది.

కొలంబస్‌లో ఈ హక్కు విలువ తెలియాలంటే భూమి కింద చూడాలి. సెంట్రల్ ఒహాయోలో నేల నుంచి వచ్చే రేడాన్ వాయువు ఎక్కువ. రంగు, వాసన ఉండదు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. పరీక్షలో ఎక్కువని తేలితే ఫ్యాను, గొట్టం పెట్టించాలి. అది పెద్ద ఖర్చేమీ కాదు. క్లింటన్‌విల్ లాంటి పాత పేటల్లో మట్టి గొట్టాల మురుగు లైన్లలోకి చెట్ల వేర్లు దూరితే మాత్రం ఖర్చు వేలల్లో ఉంటుంది. బేస్‌మెంట్‌లో నీరు దిగుతుంటే, గోడ వంగుతుంటే అది ఇంకో స్థాయి. ఇన్‌స్పెక్షన్ వదిలినవాళ్లు ధర పెంచలేదు గానీ, ఈ ఖర్చులన్నీ అమ్మేవాళ్ల ఖాతా నుంచి తమ ఖాతాలోకి మార్చుకున్నారు.

ఊరు కొలంబస్, స్కూలు డబ్లిన్

ఇక్కడ నగరం సరిహద్దు, స్కూలు డిస్ట్రిక్ట్ సరిహద్దు ఒకటి కావు. నగరం పొలాలను కలుపుకుంటూ పోతే శివారు స్కూళ్లన్నీ కొలంబస్ స్కూళ్లలో కలవాలా అన్న తగవు వచ్చింది. 1986లో "విన్-విన్" పేరుతో రాజీ కుదిరింది. ఫలితంగా చిరునామా కొలంబస్‌దే అయినా పిల్లలు డబ్లిన్, హిల్లియార్డ్ లాంటి శివారు స్కూళ్లకు వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి. పోటీ ఎక్కడ ఎక్కువో తెలియాలంటే చూడాల్సింది స్కూలు మ్యాప్. రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా ఒకే రకం ఇళ్లు, ధరల్లో మాత్రం పెద్ద తేడా.

స్కూళ్లు నడిచేది చాలావరకు ఇంటి పన్ను మీద. ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని ఒహాయో సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది, కానీ ఆ ఆధారపడటం పోలేదు. మార్కెట్ విలువలో 35 శాతం మీద పన్ను లెక్క. 2023లో ఇళ్ల విలువ మళ్లీ కట్టినప్పుడు (రీవాల్యుయేషన్) కొలంబస్ ఉన్న ఫ్రాంక్లిన్ కౌంటీలో ఆ విలువ సగటున 41 శాతం పెరిగింది. పన్ను కూడా 41 శాతం పెరుగుతుందని చాలామంది హడలిపోయారు. అలా జరగదు. 1976 నాటి హౌస్ బిల్ 920 చట్టం ప్రకారం, ఓటర్లు ఆమోదించిన చాలా పన్నులు ఇన్ని డాలర్లని వసూలు చేస్తాయి, విలువలు పెరిగితే రేటు తగ్గుతుంది. మీ ఇల్లు సగటుకన్నా ఎక్కువ పెరిగితేనే మీ వాటా గట్టిగా పెరుగుతుంది.

కొత్త ఇల్లు కట్టించుకుంటే పోటీ ఉండదా?

పాట ఉండదు. బిల్డర్ ధర చెబుతాడు, ప్లాట్లు విడతలుగా వదులుతాడు, తూర్పు ముఖం ప్లాటుకో వెనక చెట్లున్న ప్లాటుకో అదనంగా వేస్తాడు. వడ్డీలు ఎక్కువగా ఉన్నప్పుడు ధర తగ్గించే బదులు, తన లోన్ కంపెనీ ద్వారా వడ్డీ తగ్గించి ఇస్తాడు. పాత ఇల్లు అమ్మే కుటుంబానికి చేతకానిది ఇదే. అయితే జెరోమ్ విలేజ్, ఎవాన్స్ ఫామ్ లాంటి కొత్త కాలనీల్లో మామూలు పన్నుమీద "న్యూ కమ్యూనిటీ అథారిటీ" చార్జీ కూడా ఉంటుంది. రోడ్లు, పార్కుల ఖర్చు అలా రాబడతారు.

ఇంకో లెక్క కూడా చాలామందిని దెబ్బతీస్తుంది. ఒహాయోలో పన్ను ఏడాది ఆలస్యంగా కడతారు, జనవరి 1న ఉన్న స్థితి మీద. జూన్‌లో కొత్త ఇంట్లో గృహప్రవేశం చేశారు, ఆ జనవరికి అక్కడ ఉన్నది ఖాళీ ప్లాటు. మరుసటి ఏడాది వచ్చే బిల్లు ఖాళీ ప్లాటుదే. ఆ పై ఏడాది ఇంటి బిల్లు వస్తుంది. పన్ను కోసం నెలనెలా కట్టించుకుని పక్కన పెట్టే ఎస్క్రో ఖాతాలో డబ్బు చాలక నెల వాయిదా ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కూడా మామూలు లోన్ తీసుకోవచ్చు. తక్కువ డౌన్ పేమెంట్‌తో, ప్రభుత్వ హామీతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ మాత్రం 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివాళ్లకు ఇవ్వడం లేదు. ఉద్యోగం పోతే వేరే దారి చూసుకోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. పైన చెప్పిన హామీలు రాసేటప్పుడు ఈ కుటుంబాలు తలకెత్తుకునే బరువు మిగతావాళ్లకన్నా ఎక్కువ.

మరి ఇళ్లు ఎందుకు కట్టరు?

బిల్డర్ల మాట: భూమి ఉంది, అనుమతులే రావు. శివార్లలో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నియమాలు పెద్ద ప్లాట్లు, పెద్ద ఇళ్లు మాత్రమే కట్టనిస్తాయి. టౌన్‌షిప్ బోర్డు ఒప్పుకున్నా, జనం సంతకాలు సేకరించి ఆ నిర్ణయాన్ని ఎన్నికల్లో ఓటుకు పెట్టించొచ్చు. శివారువాసుల మాట: కొత్త ఇళ్లొస్తే పిల్లలొస్తారు, స్కూలు కట్టాలి, ఆ పన్ను మామీదే పడుతుంది. స్కూళ్లు ఇంటి పన్ను మీద నడుస్తున్నంతకాలం ఈ భయాన్ని స్వార్థమని తీసిపారేయలేం. ఇన్వెస్టర్లు చిన్న ఇళ్లు కొని అద్దెకిస్తున్నారన్నది మూడో ఫిర్యాదు. తక్కువ ధర పేటల్లో ఇందులో నిజముంది, ఉత్తర శివార్లలోని ఒలెంటాంజీ స్కూళ్ల పరిధిలో నాలుగు బెడ్‌రూముల ఇంటి పోటీని మాత్రం ఇది వివరించదు.

నగరం తన వంతుగా 2024 జులైలో "జోన్ ఇన్" పేరుతో, దాదాపు డెబ్బై ఏళ్ల నాటి జోనింగ్ కోడ్‌ను పెద్ద రోడ్ల వెంట మార్చింది. 12,000కు పైగా స్థలాల్లో ఎత్తైన భవనాలకు వీలిచ్చింది, కొన్నిచోట్ల 16 అంతస్తుల దాకా. ఇన్ని కార్లకు పార్కింగ్ ఉండాలన్న నియమం తీసేసింది. అదే ఏడాది నవంబరులో వేగవంతమైన బస్సు మార్గాల కోసం అర శాతం అమ్మకపు పన్నుకు ఓటర్లు ఒప్పుకున్నారు.

జోనింగ్ మార్పు వల్ల వచ్చేవి ఎక్కువగా అపార్ట్‌మెంట్లే. పెరడు, బేస్‌మెంట్, రెండు కార్ల గరాజ్ వెతికే కుటుంబానికి నగరంలోని హై స్ట్రీట్ మీది ఆరో అంతస్తు ఫ్లాటు ప్రత్యామ్నాయం కాదని ఒక పక్షం అంటుంది. అద్దెలు నిలకడగా ఉంటే కొనాలన్న తొందర తగ్గి, ఆదివారం రాత్రి ఆఫర్ల కుప్ప చిన్నదవుతుందని ఇంకో పక్షం. ఈలోగా పక్కనున్న డెలవేర్, యూనియన్ కౌంటీల్లో మొక్కజొన్న చేలు ప్లాట్లవుతూనే ఉన్నాయి. అక్కడి నుంచి ఆఫీసుకు ప్రయాణం ఏటా కాస్త పొడుగవుతోంది, ఆ పెట్రోలు ఖర్చు కూడా ఏ లిస్టింగ్ ధరలోనూ ఉండదు.